చిట్టితల్లికి, సింక్ విప్పే ముందు

చిట్టితల్లీ,

వంటింటి సింక్ నువ్వే మారుస్తానంటున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికన్నా ముందు, సింక్ కింద అలమరలో ఉన్న వాటర్ ప్యూరిఫయర్ సంగతి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ లాగి గట్టు మీద పెట్టు. వంటింటి ఎంసీబీ, అదే మీటరు బోర్డులో వంటింటి కరెంటు ఆపే స్విచ్, కూడా దించు. నీళ్లు కారే చోట తడి చేతులతో దూరి పని చెయ్యాలి నువ్వు. మామయ్యకు అన్నీ భయాలే అని నవ్వినా సరే, ఈ రెండూ అయ్యాకే పైపు మీద చెయ్యి వెయ్యి.

పాతది తీయడం పెద్ద పనేం కాదు. డాబా మీద గేట్ వాల్వ్ కట్టేసి, కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు పోనిచ్చి, కింద బకెట్ పెట్టి నట్లు విప్పు. అంచు చుట్టూ పట్టించిన సిలికాన్ జిగురును కట్టర్ బ్లేడుతో కొయ్యాలి. సింక్ గ్రానైట్‌కు అడుగు నుంచి అతికించి ఉంటే మాత్రం, కొయ్యకముందే కింద చెక్క దిమ్మెలు పేర్చు. లేకపోతే సిలికాన్ తెగగానే సింక్ నీ మొహం మీదే పడుతుంది.

కొత్తది కొనడానికి పాత సింక్‌ను కొలవకు, రాతిలో ఉన్న ఖాళీని కొలువు. పైనుంచి దించే సింక్ అయితే అంచు చుట్టూ కనీసం అర అంగుళం రాయి మీద కూర్చోవాలి. ఖాళీ పెంచాల్సి వస్తే రాయి కోసేవాళ్లను పిలిచి మూలలు గుండ్రంగా కొయ్యమను. గ్రానైట్ చీలేది పదునుగా కోసిన మూల దగ్గరే. స్టీలు 304 గ్రేడు, 1 మి.మీ. మందం తీసుకో. ఉప్పు బోరు నీళ్లకు 202 గ్రేడు త్వరగా మచ్చలు పడుతుంది. లోతు చూసి మురిసిపోకు. మీ వేస్ట్ పైపు గోడలోకి పోతుంటే, 10 అంగుళాల లోతు సింక్ పెట్టాక ట్రాప్ (సింక్ కింద కాసిని నీళ్లు నిలిపి, కంపు పైకి రాకుండా ఆపే వంపు పైపు) నోరు గోడ పైపుకన్నా కిందికి దిగిపోవచ్చు. అప్పుడు నీళ్లు ఎక్కి పోలేవు కదా!

ఇక చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి జరుగుతున్న తప్పు. సింక్ కింద ముడతల పైపు తగిలించి, దాని కొస నేలలో ఉన్న పైపులోకి దూర్చి, చుట్టూ గుడ్డ కుక్కి, పైన తెల్ల సిమెంటు పూసి వెళ్లిపోతారు. అమ్మమ్మ వాళ్లింట్లో వంటింటి నీళ్లు తూములోంచి పెరట్లో అరటి పాదులో పడేవి, గుర్తుందా? అది బయటి గాలి తగిలే చోటు, అక్కడ ఏ వంపూ అక్కర్లేదు. తర్వాత సెప్టిక్ ట్యాంకులు, డ్రైనేజీ ఛాంబర్లు వచ్చాయి, పైపు పెట్టే పద్ధతి మాత్రం తూముల నాటిదే మిగిలింది. ఆ సందులోంచే బొద్దింకలు వస్తాయి, కంపు వస్తుంది. ఆ కంపులో ట్యాంకు విషవాయువులూ ఉంటాయమ్మా, అగరొత్తులు వెలిగిస్తే పోయేది కాదది. పైగా వార్చిన గంజి వేడివేడిగా పోస్తే ఆ పల్చటి పైపు మెత్తబడి సాగుతుంది, ముడతల్లో చింతపండు పిప్పి, నూనె జిడ్డు పేరుకుంటాయి.

ఆ పైపు నువ్వు మళ్లీ పెట్టొద్దు. 40 మి.మీ. పీ-ట్రాప్, అంటే పక్కకు తిరిగిన P ఆకారం ట్రాప్, కొను, వంపులో ఎప్పుడూ 50 మి.మీ. నీళ్లు నిలిచేది. గాలిని ఆపేది ఆ నీళ్లే. వాష్‌బేసిన్‌కు పెట్టే సీసా ఆకారం బాటిల్ ట్రాప్ షాపువాడు అంటగడితే వద్దను, జిడ్డుకు పూడిపోతుంది. ట్రాప్ దాటాక కనీసం నాలుగంగుళాలు అడ్డంగా పోయాకే పైపు కిందికి తిరగాలి. వెంటనే దించితే జారే నీళ్లు వంపులో నీళ్లను కూడా లాక్కుపోతాయి. అడ్డం పైపుకు మీటరుకు 25 మి.మీ. వాలు ఇవ్వు. నేల పైపులో దూరే చోట సైజుకు తగ్గ రబ్బరు అడాప్టర్ బిగించు, సిమెంటు వద్దు. ఒకవేళ మీ పైపు నహానీ ట్రాప్‌లో (నేల జాలీ కింద నీళ్లు నిలిచే ట్రాప్) పడుతుంటే అక్కడ నీటి అడ్డు ఉన్నట్టే, మళ్లీ రెండో ట్రాప్ పెట్టకు. మధ్యలో గాలి చిక్కి నీళ్లు నత్తనడక నడుస్తాయి.

టెఫ్లాన్ టేపు యాంగిల్ కాక్ (కుళాయికి నీళ్లిచ్చే గోడ వాల్వ్) మరలకే, గడియారం ముల్లు తిరిగే వైపు పది చుట్లు. ట్రాప్ నట్లకు టేపు వద్దు, అక్కడ పట్టేది రబ్బరు వాషరు. వాషరు ఏటవాలు అంచు జాయింటు లోపలికి ఉండాలి. చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు చాలు. నీ ఊపు నాకు తెలుసు, ప్లాస్టిక్ నట్టు పగలగొడతావు!

కొత్త సింక్ అంచుకు పట్టించిన సిలికాన్ 24 గంటలు ఆరనివ్వు. తర్వాత సింక్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదులు, ప్రతి జాయింటు కింద న్యూస్‌పేపరు ముక్క పరిచి చూడు. చేతికి తగలని చెమ్మ కూడా కాగితం మీద కనిపిస్తుంది. ఆ చెమ్మ వదిలేస్తే ఆరు నెలల్లో అలమర ప్లైవుడ్ ఉబ్బిపోతుంది.

సామాను కొనకముందే సింక్ కింద ఫొటో తీసి పంపు. పైపు నేలలోకి పోతోందో గోడలోకి పోతోందో కనిపించాలి. ప్యూరిఫయర్ ప్లగ్ లాగేసి ఉన్నట్టు కూడా అందులో కనిపించాలి.

మీ మామయ్య