గొంతు అరువిచ్చే ముందు

చిరంజీవి బుజ్జికి, అత్త ఆశీస్సులు.

పాట హీరోయినే పాడినట్టు ఉండాలి, నీ పేరు ఎక్కడా వేయం అన్నారని రాశావు. ఒప్పుకోవడం, మానడం నీ ఇష్టం. ఒప్పుకుంటే మాత్రం, హాలీవుడ్ హీరోయిన్లకు తెర వెనక నుంచి పాడిన మార్నీ నిక్సన్ సంగతి తెలుసుకుని వెళ్లు.

మన ఘంటసాల గారి పేరు టైటిల్స్‌లో పడుతున్న రోజుల్లోనే, హాలీవుడ్‌లో పాడినవాళ్ల పేర్లు దాచేవాళ్లు. 1952లో వచ్చిన ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ కథే తెర వెనక నుంచి గొంతు అరువిచ్చే అమ్మాయిది. ఆ పాత్ర వేసిన డెబ్బీ రేనాల్డ్స్‌కే ఒకట్రెండు పాటలు బెటీ నోయెస్ పాడింది. ఆమె పేరూ తెర మీద లేదు! తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

1956లో ‘ద కింగ్ అండ్ ఐ’కి నిక్సన్ హీరోయిన్ డెబోరా కెర్ పక్కనే నిలబడి రిహార్సల్ చేసింది. ఒకరు పాడుతుంటే ఒకరు చూసేవాళ్లు. అందుకే మాట ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. నువ్వూ ముందు హీరోయిన్‌తో రెండు పూటలు కూర్చోనివ్వమని అడుగు. పాట గురించి కాదు, ఊరికే మాట్లాడించు. ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో, ‘శ’ ఎలా పలుకుతుందో, నవ్వు ముందు గొంతు ఎలా మారుతుందో విను.

‘వెస్ట్ సైడ్ స్టోరీ’ (1961)లో అలా కుదరలేదు. హీరోయిన్ నటాలీ వుడ్ తన గొంతే ఉంటుందనుకుని, తను పాడి రికార్డు చేసిన పాటకే పెదవులు కదిపింది. తర్వాత ఆ పెదవులకు సరిపోయేలా నిక్సన్ పాడాల్సి వచ్చింది. ఆ అవస్థ నేనూ పడ్డాను, ఒక్క పల్లవికి రాత్రి రెండైంది. షూటింగ్‌కి ముందే రికార్డింగ్ పెట్టమను.

ఇక కాగితం. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ పాటల రికార్డు రాయల్టీలో కంపెనీ నిక్సన్‌కి వాటా ఇవ్వకపోతే, సంగీత దర్శకుడు లియొనార్డ్ బెర్న్‌స్టీన్ తన వాటాలోంచి పావు శాతం ఇచ్చాడు. అలాంటివాళ్లు అందరికీ దొరకరు. నేను ట్రాక్‌గా, అంటే అసలు గాయని వచ్చి పాడేదాకా నమూనాగా, పాడిన పాట ఒకటి అలాగే సినిమాలో ఉండిపోయింది. చేతిలో కాగితం లేక, అడగడానికి వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేశారు. ఇంటికొచ్చి ఏడ్చాను, మీ మావయ్యకు కూడా చెప్పలేదు.

టైటిల్స్‌లో పేరు అడుగు. కాదంటే ఆడియోలో వాటా అడుగు. పాడింది నేనని ఎవరికీ చెప్పకూడదనే షరతు ఉంటే మాత్రం కొట్టేయించు. ‘ద కింగ్ అండ్ ఐ’లో పాడింది తనేనని బయటపడితే ఊళ్లో పని దొరకదని స్టూడియో తనను బెదిరించిందని నిక్సన్ తర్వాత చెప్పింది. చివరికి పాడింది నిక్సనే అని బయటపెట్టింది కెరే.

సంతకం పెట్టకముందే కాంట్రాక్ట్ ఫొటో తీసి నాకు పంపు. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

మీ అత్త