హంస కన్ను పూడిపోకుండా

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా బాపు హనుమకొండలో ముప్పయి ఏండ్లకు పైగా దుకాణాల బోర్డులు రాశారు. తీరిక దొరికినప్పుడల్లా ఖిల్లా వరంగల్‌కు వెళ్లి, కాకతీయ తోరణం మీది హంసలను, లతలను, స్తంభాల అంచులను నల్లసిరాతో కాగితాల మీద గీసుకొనేవారు. అటువంటి కాగితాలు అరవై దాకా మా ఇంట్లో ఉన్నాయి. చాలావరకు పసుపెక్కాయి, కొన్నింటి మీద చాయ్ మరకలు ఉన్నాయి. నేను ఒక డీటీపీ సెంటర్‌లో పని చేస్తున్నాను. ఆ బొమ్మలను 200 డీపీఐలో (అంగుళానికి 200 చుక్కల చొప్పున) స్కాన్ చేసి జేపెగ్‌లుగా దాచిపెట్టాను. పెండ్లి పత్రికలో చిన్నగా వాడితే బాగుంటున్నాయి గాని, ఫ్లెక్సీకి పెంచితే గీతలు మెట్లుమెట్లుగా కనబడుతున్నాయి. ఒకే రంగు చుక్కలను ఎంచే మ్యాజిక్ వాండ్‌తో తెలుపును తీసివేస్తే గీత చుట్టూ తెల్లటి అంచు మిగిలిపోతున్నది. వీటిని ఏ సైజులోనైనా, ఏ రంగులోనైనా వాడుకోగల షేపులుగా ఫోటోషాప్‌లో ఎట్లా మార్చుకోవాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. స్కాన్ చేసిన బొమ్మలో నిజానికి గీత అనేది ఉండదు; నలుపు, బూడిద, తెలుపు చుక్కలు, అంటే పిక్సెళ్లు, మాత్రమే ఉంటాయి. నలుపు తెలుపుగా మారే అంచు దగ్గర ఒకటి రెండు చుక్కలు బూడిదరంగులో పడతాయి. మీరు తెలుపును తీసివేసినప్పుడు మిగిలిపోయి అంచులా కనిపిస్తున్నవి అవే. దానికి తోడు జేపెగ్ పద్ధతి బొమ్మను ఎనిమిదేసి చుక్కల గడులుగా విడదీసి కుదిస్తుంది కనుక, గీత పక్కనున్న ఖాళీ కాగితం మీద కూడా లేని మచ్చలను పుట్టిస్తుంది. షేపులో చుక్కలు ఉండవు. కొన్ని యాంకర్ పాయింట్లు, వాటి మధ్య వంపు ఎట్లా నడవాలో చెప్పే లెక్క ఉంటాయి. అందువల్లనే దాన్ని గోడంత పెంచినా అంచు చెదరదు.

ఈ పనిలో బొమ్మ నిలిచేదీ చెడేదీ స్కానర్ దగ్గరనే అని నా అనుభవం. దయచేసి ఆ అరవై కాగితాలనూ మళ్లీ స్కాన్ చేయండి. 0.2 మిల్లీమీటర్ల సన్నటి కలం గీత 200 డీపీఐలో ఒకటిన్నర చుక్క వెడల్పు మాత్రమే వస్తుంది. అంత తక్కువ సమాచారంతో ఏ సాఫ్ట్‌వేరూ గీత అంచును సరిగ్గా పోల్చుకోలేదు. 600 డీపీఐలో అదే గీతకు దాదాపు ఐదు చుక్కలు, 1200 డీపీఐలో తొమ్మిదికి పైగా దక్కుతాయి. మామూలు బొమ్మలకు 600 చాలు. హంస ఈకల వంటి సన్నపని ఉన్నచోట 1200 పెట్టుకోండి. ఫైలును టిఫ్‌గా దాచండి. ఏ4 కాగితం 600 డీపీఐలో, రంగులతో, సుమారు 100 ఎంబీ అవుతుంది. మూలప్రతికి ఆ చోటు ఇవ్వవలసిందే. కాగితానికి రెండు వైపులా బొమ్మలు ఉంటే వెనుక ఒక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేయండి, అవతలి బొమ్మ ఇవతలికి అంతగా కనబడదు.

నలుపు తెలుపు బొమ్మే కదా అని గ్రేస్కేల్‌లో స్కాన్ చేయకండి. పసుపెక్కిన కాగితానికి, చాయ్ మరకకు రంగు ఉంది, నల్లసిరాకు లేదు. ఆ తేడాయే మీకు ఉపకారం చేస్తుంది. రంగుల్లో స్కాన్ చేసిన బొమ్మను తెరిచి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలను విడివిడిగా చూపే చానెల్స్ ప్యానెల్‌లో రెడ్ చానెల్ ఒక్కటే చూడండి. పసుపు, లేత గోధుమరంగు ఆ చానెల్‌లో తెలుపుకు దగ్గరగా వస్తాయి, సిరా మాత్రం నల్లగానే నిలుస్తుంది. మీ నాన్నగారు ముందుగా ఎర్ర పెన్సిలుతో కొలత గీతలు గీసుకొని ఉంటే అవి కూడా అక్కడ చాలావరకు మాయమవుతాయి. అదే బ్లూ చానెల్‌లో చూస్తే చాయ్ మరక మరింత నల్లబడి కనిపిస్తుంది. రెడ్ చానెల్‌ను కొత్త ఫైలుగా తీసుకొని, ఇమేజ్ సైజులో 200 శాతానికి పెంచి, లెవెల్స్‌తో కాగితాన్ని తెల్లగా, సిరాను నల్లగా సరిచేయండి.

తర్వాత వచ్చేది త్రెషోల్డ్, ఇక్కడ తొందరపడకూడదు. మీరు ఎంచిన అంకె కంటే ముదురుగా ఉన్న ప్రతి చుక్కనూ అది నలుపు చేస్తుంది, తక్కినవన్నీ తెలుపు చేస్తుంది. పెట్టె తెరవగానే 128 కనిపిస్తుంది. చాలామంది దానికే సరే అని ముందుకు పోతారు. మీరు హంస తలను 200 శాతానికి పెంచి తెరమీద పెట్టుకొని, కంటిని చూస్తూ ఆ అంకెను మెల్లగా జరపండి. అంకె పెరిగేకొద్దీ గీతలు లావెక్కుతాయి. ఒకచోట కంటిలోని తెలుపు పూడిపోయి హంస గుడ్డిదవుతుంది. వెనక్కి తెస్తే కన్ను తెరుచుకుంటుంది, కాని ఇంకా తగ్గిస్తే మెడ కింది సన్నటి ఈకలు తెగిపోతాయి. కన్ను తెరుచుకొని ఉండి, ఈక తెగని అంకె ఒక్కో బొమ్మకు ఒక్కోచోట ఉంటుంది. రెండూ ఒకే అంకె దగ్గర కుదరకపోతే, తలను లాసోతో విడిగా ఎంచి దానికి వేరే త్రెషోల్డ్ ఇవ్వవచ్చు. గీతలు నున్నగా రావాలని త్రెషోల్డ్‌కు ముందు బ్లర్ చేసే అలవాటు ఒకటి ఉంది. అది ముక్కు కొసలను మొద్దుబారుస్తుంది కనుక తోరణపు హంసలకు నేను వద్దంటాను.

ఇప్పుడు మిగిలిన దుమ్ము చుక్కలను తెల్లరంగు బ్రష్‌తో చెరిపి, మ్యాజిక్ వాండ్‌లో టాలరెన్స్‌ను సున్నా చేసి, యాంటీ ఎలియాస్, కంటిగ్యుయస్ రెండింటికీ టిక్కు తీసి, నలుపు మీద ఒక్కసారి నొక్కితే బొమ్మ మొత్తం సెలెక్ట్ అవుతుంది. పాత్స్ ప్యానెల్ మెనూలో మేక్ వర్క్ పాత్ అని ఉంటుంది; పాత్ అంటే పైన చెప్పిన యాంకర్ పాయింట్లతో నడిచే గీత. అది అడిగే టాలరెన్స్ 0.5 నుంచి 10 వరకు ఉండవచ్చు. 0.5 ఇస్తే ప్రతి చుక్క మెట్టునూ పట్టుకొని వేల పాయింట్లు పెడుతుంది, ఎక్కువిస్తే వంపులు కరిగిపోతాయి. పైన చెప్పినట్లు పెంచిన బొమ్మకు 1 నుంచి 2 మధ్య ప్రయత్నించండి. వచ్చిన వర్క్ పాత్ తాత్కాలికం మాత్రమే. దాని పేరు మీద రెండుసార్లు నొక్కి పేరు పెట్టి దాచకపోతే, అదే ఫైలులో తర్వాత చేసే పాత్ దాని స్థానంలోకి వచ్చేస్తుంది. ఆ పాత్‌ను ఎంచి ఎడిట్ మెనూలో డిఫైన్ కస్టమ్ షేప్ నొక్కితే మీ హంస షేపుల జాబితాలో చేరుతుంది. షేపును గీసినప్పుడు కన్ను నిండిపోయి కనిపిస్తే, కంటి పాత్‌ను మాత్రం ఎంచి, పైన ఎక్స్‌క్లూడ్ ఓవర్‌ల్యాపింగ్ షేప్స్ అనే ఎంపిక ఇవ్వండి.

ఆ జాబితాను సీఎస్‌హెచ్ ఫైలుగా ఎగుమతి చేసి వేరే డిస్కులో కూడా పెట్టండి. అయితే అది ఫోటోషాప్ కోసం ఉద్దేశించిన ఫైలు. కోరెల్‌డ్రాలో పని చేసే ప్రెస్సులకు ఇవ్వాలంటే ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ కింద పాత్స్ టు ఇలస్ట్రేటర్ వాడండి. నేనైతే త్రెషోల్డ్ దాటిన బొమ్మను ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో, చుక్కల బొమ్మను షేపుగా మార్చే (ట్రేస్ చేసే) ట్రేస్ బిట్‌మ్యాప్‌తో కూడా మార్చి, ఎస్‌వీజీ అనే షేపుల ఫైలుగా మరో ప్రతి దాచుకుంటాను. అందులో పని చేసేది పీటర్ సెలింజర్ రాసిన పోట్రేస్ అనే ప్రోగ్రాం. ఫోటోషాప్ పాత్ కంటే దాని వంపులు చాలాసార్లు నునుపుగా వస్తాయి.

ఒక్క మనవి. కలం నొక్కిన చోట లావై, ఎత్తిన చోట సన్నబడే ఆ గీత మీ నాన్నగారి చేతిది. ఇంక్‌స్కేప్‌లో పాయింట్లను తగ్గించి గీతను నునుపు చేసే సింప్లిఫై ఆదేశం కాగితపు గరుకును, చేతి ఒడుపును వేరుచేసి చూడలేదు. దాన్ని ఒక్కసారికి మించి నొక్కకండి, నొక్కిన తర్వాత అసలు కాగితాన్ని పక్కన పెట్టుకొని పోల్చి చూడండి.

ప్రశ్న: మాది స్టిక్కర్ కటింగ్ పని. వెండి తీగ పని నెమలి బొమ్మలను గీతచిత్రాలుగా గీసి, స్కాన్ చేసి, ట్రేస్ చేసి, గీత వెంట స్టిక్కర్‌ను కోసే కటింగ్ ప్లాటర్‌కు ఇస్తే ఒక్కో గీతకు రెండు కోతలు పడుతున్నాయి. తప్పు ఎక్కడున్నది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తప్పు లేదు. మామూలు ట్రేసింగ్ గీతను ఒక సన్నటి నల్లటి ఆకారంగా చూసి, దాని రెండు అంచులనూ గీస్తుంది. హనుమకొండ పాఠకుడికి కావలసింది అదే, ఎందుకంటే వారి గీతకు లావు సన్నాలు ఉన్నాయి. కరీంనగర్ తీగ పనిలో తీగ మందం అంతటా ఒక్కతీరుగా ఉంటుంది కనుక మీకు గీత నడుమ నుంచి పోయే ఒకే దారి కావాలి. దాన్ని సెంటర్‌లైన్ ట్రేస్ అంటారు. కోరెల్‌డ్రాలో బిట్‌మ్యాప్స్ మెనూ కింద, ఇంక్‌స్కేప్‌లో 2020లో వచ్చిన 1.0 నుంచి ట్రేస్ బిట్‌మ్యాప్‌లోనే అది ఉంది. రెండు తీగలు కలిసేచోట చిన్న వంకర వస్తుంది. అక్కడి పాయింట్లను చేత్తో సర్దుకోవాలి. ఒకసారి నడిమి గీత దొరికితే దానికి మందం ఎంత కావాలన్నా తర్వాత ఇచ్చుకోవచ్చు.

ప్రశ్న: మా ఇంటివాళ్లు జంపఖానాలు నేస్తారు. పాత డిజైన్లు గ్రాఫు కాగితాల మీద గళ్లు నింపి ఉన్నాయి. ట్రేస్ చేస్తే మెట్లన్నీ వంపులైపోతున్నాయి.
– ఒక పాఠకురాలు, కొత్తవాడ, వరంగల్

జవాబు: మీ బొమ్మను ట్రేస్ చేయకూడదు. పై ఇద్దరికీ మెట్టు దోషం. మీకు మెట్టు మగ్గం లెక్క, దాన్ని నునుపు చేస్తే నేతకు పనికిరాదు. కాగితాన్ని వంకర లేకుండా స్కాన్ చేసి, డిజైన్ అంచుల వరకు ఖచ్చితంగా కత్తిరించి, అడ్డం నిలువు గళ్లు లెక్కపెట్టండి. 120 అడ్డం, 180 నిలువు ఉన్నాయనుకుందాం. మీడియన్ ఫిల్టర్‌తో గ్రాఫు గీతలను చెరిపి, ఇమేజ్ సైజులో 120, 180 పిక్సెళ్లు ఇచ్చి, రీశాంపుల్ దగ్గర, రంగులను కలపకుండా ఉన్న చుక్కనే తీసుకొనే నియరెస్ట్ నేబర్ ఎంచుకోండి. గడికి ఒక చుక్క చొప్పున డిజైన్ మొత్తం చేతికి వస్తుంది. తప్పు పడిన గళ్లను పెన్సిల్ టూల్‌తో సరిచేసి, అదే నియరెస్ట్ నేబర్‌తో సరిగ్గా ఇరవై రెట్లు పెంచి, నలుపును సెలెక్ట్ చేసి, టాలరెన్స్ 0.5తో పాత్ చేస్తే ప్రతి మూలా లంబకోణంగానే వస్తుంది. డిజైన్ ఎడమ కుడి ఒక్కతీరుగా ఉంటే సగమే దాచి, మిగతా సగాన్ని తిప్పి అతికించుకోండి. నడిమి వరుస గడి రెండుసార్లు పడకుండా మాత్రం చూసుకోండి.