ఎలుక మెదడు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉంది. ఎలుకల మెదడు కాండంలోని నాడీకణాలు ఏయే రసాయనాలు విడుదల చేస్తాయో పరిశోధిస్తూ పీహెచ్‌డీ చేస్తానంటోంది. భవిష్యత్తు ఉంటుందా?
- ఒక తండ్రి, ఏలూరు

జవాబు: ఎలుక పేరు వినగానే మీరు కంగారు పడ్డట్టున్నారు. అమ్మాయి ఎంచుకున్నది చిన్న విషయమేమీ కాదు. 1964లో స్వీడన్ శాస్త్రజ్ఞులు డాల్‌స్ట్రోమ్, ఫుక్సే ఎలుక మెదడు ముక్కలకు ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టి చూస్తే, నారడ్రినలిన్ అనే రసాయనం ఉన్న కణాలు ఆకుపచ్చగా, సెరొటోనిన్ అనే మరో రసాయనం ఉన్నవి పసుపుగా మెరిశాయి. అప్పుడు ‘ఏ6’ అని గుర్తుపెట్టిన నారడ్రినలిన్ కణాల గుంపే మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్. ఎలుకలో ఒక్కో వైపు సుమారు 1,500 కణాలే, కానీ వాటి తంతువులు మెదడంతా అల్లుకుంటాయి. మనిషికి పార్కిన్సన్స్, అల్జీమర్స్ వచ్చినప్పుడు దెబ్బతినే చోట్లలో ఇదొకటి. పైగా ఒక కణానికి ఒకే రసాయనం అన్న పాత లెక్క చెల్లలేదు. సెరొటోనిన్ కణాల్లో చాలావాటికి గ్లుటమేట్ అనే ఇంకో రసాయనం విడుదల చేసే సరంజామా కూడా ఉంది. కాబట్టి పనికి కొదవ లేదు.

అసలు ప్రశ్న ఓపిక గురించి. మెదడును 30 శాతం చక్కెర ద్రావణంలో వేసి, అది అడుగుకు మునిగేదాకా ఆగాలి. తర్వాత గడ్డకట్టించి 30, 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోసి, ఒక్కో ముక్కను సన్నని బొమ్మల కుంచెతో గాజుపలక మీదికి ఎక్కించాలి. రంగు పట్టాక కణాలు లెక్కపెట్టాలి, వారాల తరబడి. ఎలుకను చంపాల్సిందీ తనే. ఈ మాట దాచి సలహా చెప్పలేను.

జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి, పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపై 42,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం (ఎన్‌బీఆర్‌సీ), బెంగళూరులోని నిమ్హాన్స్, ఐఐఎస్‌సీ మంచి చోట్లు. అయితే పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, అదీ తరచుగా విదేశాల్లో. స్థిరమైన అధ్యాపక ఉద్యోగం ముప్పై దాటాకే. పెళ్లి సంగతి మీరు అడగలేదు, కానీ మనసులో ఉంటే ఇప్పుడే అమ్మాయితో మాట్లాడండి. అధ్యాపక వృత్తి వద్దనుకుంటే మందుల పరిశోధన ఉంది. హైదరాబాద్‌లోని సువెన్ లైఫ్ సైన్సెస్ మెదడు జబ్బుల మందుల మీదే పనిచేస్తోంది.

చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఇలాంటి ప్రయోగశాలలోనే చేయమనండి. ఆరు నెలల్లో తనకే తేలుతుంది. మెయిల్ రాసేటప్పుడు ‘న్యూరోసైన్స్ అంటే ఇష్టం’ అని కాకుండా, వారి పరిశోధన పత్రం ఒకటి చదివి, అందులో అర్థం కానిది అడగమనండి.