వచ్చే వేసవికి నిలబడి ఉండాలి: మేనకోడలికి అత్తయ్య లేఖ

చి.ల.సౌ. మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఒక సీసాలో పైన తెల్లటి పొర, ఇంకొక దానిలో ముక్క అంచున పచ్చటి బూజు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అమ్మకానికి పెట్టిన రెండు వందల కిలోల ఆవకాయలో సగానికి పైగా తిరిగి వచ్చిందనీ, ఉద్యోగం వదులుకుని పొరపాటు చేశానేమోననీ, పాత ఆఫీసులో మళ్లీ అడిగి చూడమంటావా అనీ రాశావు. ఫోనులో మాట్లాడుకుంటే ఇద్దరం బాధపడి ఊరుకుంటాం తప్ప పని తెమలదని, తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగానికి తిరిగి వెళ్లాలో వద్దో నువ్వూ మీ ఆయనా తేల్చుకోవలసిన విషయం. ఈ ఒక్క వేసవిని చూసి మాత్రం ఆ నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

టిఫిను హోటలు పెట్టినవాళ్లకు ఇవాళ ఇడ్లీ గట్టిగా వస్తే, రేపు పొద్దున పిండి సరిచేసుకునే అవకాశం ఉంటుంది. ఆవకాయ పెట్టేవాళ్లకు ఆ రేపు ఏడాది తర్వాత గాని రాదు. కాయ టెంక కట్టి, పులుపు చెడకుండా, ముక్క గట్టిగా ఉండే రోజులు మనకు నాలుగైదు వారాలే దొరుకుతాయి. విజయవాడలో మన పెరటి పాకలో 2002లో నేను మొదలుపెట్టిన ఈ పనిలో ఇంతకాలానికి నాకు దక్కిన వేసవులు ఇరవై పైచిలుకే, నేర్చుకున్న పాఠాలూ అన్నే. అందువల్ల మన పనిలో ఓర్పు అంటే పళ్లు బిగించి బాధను భరించడం కాదు. వచ్చే వేసవికి కాయ కొనడానికి చేతిలో డబ్బూ, కొనుక్కునేవాళ్ల దగ్గర మాటా, ఒంట్లో సత్తువా మిగిలి ఉండేటట్లు చూసుకోవడమే ఓర్పు. కింద చెప్పేదంతా దానికోసమే.

ముందు ఈ వారం చేయవలసినది చెబుతాను. తిరిగి వచ్చినవాటిని వదిలెయ్యి, ఇంకా తిరిగి రాని సీసాల సంగతి చూడు. వాటిని కొన్న ప్రతి ఒక్కరికీ నువ్వే ఫోను చేసి, వాడవద్దని చెప్పి, డబ్బు కావాలో వేరే పచ్చడి కావాలో అడుగు. బూజు ఉన్న మేరకు తీసేసి మిగతాది తినవచ్చని ఎవరైనా అన్నా ఒప్పుకోవద్దు. వాళ్లు ఫిర్యాదు చేసేదాకా ఆగితే నువ్వు ఇచ్చేది నష్టపరిహారం అవుతుంది, ముందుగా నువ్వే చేస్తే అది మాట నిలబెట్టుకోవడం అవుతుంది. రెండింటికీ అయ్యే ఖర్చు ఒకటే.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. నా మూడో వేసవిలో పెద్ద గాలివాన వచ్చి, నూజివీడు వైపు తోటల్లో కాయ కుప్పలుగా రాలిపోయింది. మార్కెట్టులో ధర సగానికి సగం పడింది. మీ మామయ్య వద్దంటున్నా వినకుండా, గాజులు తాకట్టు పెట్టి మరీ నాలుగు క్వింటాళ్ల రాలుడు కాయ కొన్నాను. రాలిన కాయకు పైకి దెబ్బ కనిపించదు. తొక్క కింద కండ నలిగి, రెండు రోజుల్లో లోపల పండుబారుతుంది. ముక్కలు కొట్టేటప్పుడు కత్తి దిగిన చప్పుడులోనే తేడా తెలిసింది. గట్టి కాయ టక్కుమని విడిపోతుంది, ఇవి మెత్తగా దిగాయి. తెలిసి కూడా, కొన్న డబ్బు కళ్ల ముందు మెదిలి, ఆపలేకపోయాను. ఆషాఢం వచ్చేసరికి ముక్క పిప్పి అయి, జాడీల్లో పులిసిన వాసన మొదలైంది.

అప్పుడు రిక్షా మాట్లాడుకుని, అమ్మిన ప్రతి ఇంటికీ నేనే వెళ్లాను. సత్యనారాయణపురంలో రిటైరైన ఒక మాస్టారు తలుపు తీసి, నేనెందుకు వచ్చానో విని, లోపలికి వెళ్లి జాడీ తెచ్చారు. దానికి కట్టిన వాసెన గుడ్డ నేను కట్టిన ముడితోనే ఉంది. ఆయన ఇంకా తెరవనే లేదు. నేను విప్పి చూపించాను. ఆయన వాసన చూసి, "తెరిచాక తెలిస్తే మళ్లీ నీ దగ్గరికి వచ్చేవాణ్ని కాదమ్మా" అన్నారు. ఆయన బతికున్నన్నాళ్లూ ఏటా రెండు జాడీలు తీసుకున్నారు, ఇప్పుడు ఆయన కోడలు తీసుకుంటోంది. ఆ ఏడాది నాకు ఒక్క రూపాయి మిగలలేదు, గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. అయినా నాలుగో వేసవిలో నా దగ్గర కొన్నవాళ్లలో చాలామంది నేను జాడీ వెనక్కి తెచ్చుకున్న ఇళ్లవాళ్లే.

ఇప్పుడు నీ ఆవకాయ ఎందుకు చెడిందో ఆలోచిద్దాం, ఎందుకంటే కారణం తెలియకుండా ధైర్యం తెచ్చుకుంటే అదే తప్పు వచ్చే ఏడాదీ జరుగుతుంది. ఉప్పూ నూనే తక్కువగా ఉండాలని కొందరు అడిగారని, రెండూ తగ్గించానన్నావు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, నూనె పైన నిలిచి గాలి తగలనివ్వదు, పులుపూ ఆవఘాటూ మిగిలిన పని చేస్తాయి. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా మిగతావి ఆ భారం మోయలేవు. తక్కువ ఉప్పు కావాలన్నవాళ్లకు ఫ్రిజ్‌లో పెట్టుకుని పది రోజుల్లో తినే పచ్చళ్లు చేసి ఇవ్వవచ్చు గాని, ఏడాది నిలవ ఉండవలసిన ఆవకాయ ఇవ్వకూడదు. రెండో అనుమానం, మూడోనాడు తిరగకలపకుండానే సీసాలకు ఎత్తి ఉంటావని. మొదటి రోజు చాలుననిపించిన నూనె మూడోనాటికి పిండి పీల్చుకుని అడుగంటుతుంది. మళ్లీ కలిపి, తగ్గిన మేరకు పోసి, నూనె పైకి తేలిందని చూసుకున్నాకే సీసా ముట్టుకోవాలి. మూడోది ఉప్పు కొలత. అమ్మమ్మ లెక్క పాతకాలపు కొలపాత్ర సోలల్లో ఉంది, అది ఎండబెట్టి దంచిన ఉప్పు లెక్క. కళ్లుప్పును దంచకుండా అదే కొలతతో పోస్తే, రాళ్ల మధ్య ఖాళీ వల్ల బరువు తగ్గుతుంది. ఇకనుంచి అన్నీ తూకం వేసి నోటుపుస్తకంలో రాయి. రోజుకొక బ్యాచికి ఒక నంబరు వేసి, ప్రతి బ్యాచి నుంచి ఒక సీసా అమ్మకుండా అటక మీద ఉంచు. ఏడాదికి ఒక్కసారే పరీక్ష రాసేవాళ్లం కాబట్టి, మనం రాసిన జవాబు మన దగ్గర ఉండాలి.

లిజ్జత్ పాపడ్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1959 మార్చి 15న బొంబాయిలోని గిర్గాఁవ్‌లో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చుకుని, తాము ఉంటున్న భవనం డాబా మీద నాలుగు ప్యాకెట్ల అప్పడాలు ఒత్తి ఆ పని మొదలుపెట్టారు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు అందరూ ఆ 80 రూపాయల గురించే మాట్లాడారు. నాకు మాత్రం వాళ్ల తొలి వర్షాకాలం ముఖ్యమనిపిస్తుంది. వానలకు అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడాది వాళ్లు ఒక మంచమూ ఒక స్టవ్వూ కొని, మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్వు వెలిగించి, వానల్లోనూ ఆరబెట్టారు. మొదటి ఏడాది ఆగిపోయినందుకు వాళ్లు సిగ్గుపడి మూసేయలేదు, వానను తిట్టుకుంటూ కూర్చోనూ లేదు. తమను ఆపినదేమిటో గుర్తించి, సరిగ్గా దానికే ఖర్చుపెట్టారు. నీ మంచమూ స్టవ్వూ ఏమిటో నువ్వు వెతుక్కోవాలి. నాకు తోచినంతలో అవి ఒక మంచి తూకమూ, ఒక నోటుపుస్తకమూ.

నా విషయంలో అది మాగాయ అయింది. 2020లో శార్వరి ఉగాది మార్చి 25న వచ్చింది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైనదీ ఆ రోజునే. అప్పటికే తోటకు అరవై వేలు అడ్వాన్సు ఇచ్చి ఉన్నాను. కొరియర్లు లేవు, అమెరికా పార్సిళ్లు లేవు, పనికి వచ్చే పన్నెండు మందిలో మన వీధిలోని నలుగురు తప్ప ఎవరూ గడప దాటలేని పరిస్థితి. కాయ మాత్రం చెట్టున ఆగదు. ఆవకాయ పెడితే నూనె, ఆవపిండి, సీసాలు అన్నీ ముందే కొనాలి, అమ్మకం ఎప్పుడో తెలియదు. అందుకని ఉన్న ఉప్పుతో, ఉన్న ఎండతో అయ్యే పని చేశాం. చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పులో మూడు రోజులు ఊరవేసి, ముక్కలు వేరుగా ఊట వేరుగా డాబా మీద ఎండబెట్టాం. పుల్లటి కాయలో మిగిలినదాన్ని ఒరుగులు చేశాం. కొరియర్లు తెరిచాక, ఏ వారం ఎంత ఆర్డరు వస్తే అంతవరకే ఎండుముక్కను ఊటతో, కారంతో, మెంతిపిండితో కలిపి పంపించాం. అంతకుముందు ఏటా యాభై కిలోలు దాటని మాగాయ ఆ ఏడాది మా ఇంటిని నిలబెట్టింది. ఒకే సరుకు మీద, ఒకే నెల మీద ఆధారపడకూడదని అప్పటినుంచి నిశ్చయించుకున్నాను. వానాకాలంలో గోంగూర, కార్తీకంలో ఉసిరి, ఆ తర్వాత చింతకాయ, సంక్రాంతి దాటాక పండుమిర్చి, ఏడాది పొడుగునా నిమ్మకాయ, కందిపొడి, కరివేపాకు పొడి ఉంటే, ఒక సరుకు చెడినా వంటింట్లో పొయ్యి ఆరదు.

డబ్బు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో పచ్చడి రుచిగా పెట్టలేక మూసుకున్నవాళ్లకంటే డబ్బు తిరగక మూసుకున్నవాళ్లే నాకు ఎక్కువమంది తెలుసు. మన ఖర్చు మాఘ ఫాల్గుణాల్లో మిర్చితో మొదలవుతుంది. గుంటూరు యార్డులో కొత్త కాయ వచ్చినప్పుడే ఘాటుకు తేజ, రంగుకు వరంగల్ చపాటా కొని పెట్టుకోవాలి. ఆ ధర ఏడాదికొక తీరుగా ఉంటుంది. 2017 ఏప్రిల్‌లో ధర కుప్పకూలి ఖమ్మం మార్కెట్టులో రైతులు తిరగబడ్డది నీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత ఆవాలు, నూనె, సీసాలు, చివరికి కాయ. తొలి రూపాయి వెనక్కి వచ్చేది జ్యేష్ఠంలో. ఆ నాలుగు నెలల గుంట పూడ్చుకోవడానికి నేను బ్యాంకులో విడిగా ఒక ఖాతా తెరిచి, అమ్మిన ప్రతి సీసా నుంచి ఇంత అని అందులో వేస్తాను. మేం దాన్ని కాయ ఖాతా అంటాం. ఇంట్లో పెళ్లి వచ్చినప్పుడు కూడా దాన్ని ముట్టుకోలేదు.

అప్పు ఇచ్చే విషయంలో కఠినంగా ఉండు. ఒకప్పుడు ఒక పెద్ద దుకాణం వాళ్లు మూడు వందల సీసాలు తీసుకుని, వచ్చే నెల, వచ్చే నెల అంటూ తిప్పి, చివరికి సగం సొమ్మే ఇచ్చారు. అప్పటినుంచి ఏ ఒక్క దుకాణానికీ నా సరుకులో అయిదో వంతుకు మించి అప్పుగా ఇవ్వడం లేదు. బ్యాంకు రుణం తీసుకోవాలనుకుంటే, చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో ప్రాజెక్టు వ్యయానికి 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ పెట్టారు. అది ఇప్పుడూ నడుస్తోందో లేదో ముందు బ్యాంకులో కనుక్కో. అయితే ఆ సబ్సిడీ మన చేతికి రాదు. బ్యాంకులోనే ఉండి, మూడేళ్లపాటు ఖాతా సవ్యంగా నడిచాక అప్పుకు జమ అవుతుంది. కాబట్టి కిస్తీ లెక్క వేసేటప్పుడు సబ్సిడీ లేదనుకునే వెయ్యి. ధర కట్టేటప్పుడు పగిలిన సీసాలూ, కొరియరూ, నీ కూలీ కలుపు. నీ కూలి కలపకపోతే నువ్వు పని చేయలేని రోజున పనిమనిషిని పెట్టుకునే దారి ఉండదు.

ఇక తిరగడం. నువ్వు ఫోనులో పోస్టులు పెట్టి ఆర్డర్ల కోసం ఎదురుచూశానన్నావు. పోస్టులు మానవద్దు, కానీ కాలికి బలపం కట్టుకుని తిరగక తప్పదు. మొదటి మూడేళ్లు నేను పొద్దున వంట ముగించుకుని, రెండు క్యారియర్లతో బయలుదేరేదాన్ని. ఒక దానిలో వేడన్నం, ఇంకొక దానిలో నాలుగు రకాల పచ్చళ్లు. చెంచాతో ఇస్తే ఆవకాయ ఉప్పగా, కారంగా మాత్రమే తోస్తుంది. వేడన్నంలో నెయ్యి వేసి కలిపి ఒక ముద్ద పెడితే దాని అసలు రుచి తెలుస్తుంది. మీ అపార్టుమెంట్లలో ఆదివారం పొద్దున అలా ఒక్కసారి పెట్టి చూడు. వద్దన్న ఇంటికి మళ్లీ వెళ్లడానికి మొహమాటపడవద్దు, కాకపోతే కొత్త రకం పచ్చడి ఒకటి పట్టుకుని వెళ్లు. ఒక ఇంటావిడ నాలుగు సార్లు వద్దని, అయిదోసారి తన కూతురి సీమంతానికి ముప్పై కిలోలు చెప్పింది. లేబులు మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, పెట్టిన తేదీ, బ్యాచి నంబరు లేకుండా ఒక్క సీసా కూడా ఇవ్వకు, చుట్టాలకైనా సరే.

వచ్చే వారం నేను హైదరాబాదు వస్తున్నాను. పది రోజులు ఉంటాను. ఇద్దరం కలిసి గోంగూర ఇరవై కిలోలు మాత్రమే పెట్టి, తిరిగి వచ్చిన సీసాలవాళ్లందరికీ ముందుగా అదే పంపిద్దాం. చెడిన సీసాల్లో ఆరింటిని తేదీలు రాసి విడిగా ఉంచు, తక్కినవి పారెయ్యి. ఆవకాయ కలిపిన రోజున ఉప్పు కొలిచిన గిన్నెను కూడా ఎక్కడా సర్దెయ్యకుండా బయటే పెట్టు. అమ్మమ్మ సోల నా దగ్గరే ఉంది, సంచిలో వేసుకుని తెస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి తూచి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య