డౌన్‌టౌన్‌కు అందం మేడలా, అరుగులా?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మా అబ్బాయి డల్లాస్ దగ్గర ప్లేనోలో ఉంటాడు. ఆర్నెల్లు వాళ్లతో ఉన్నప్పుడు డల్లాస్, హ్యూస్టన్, షికాగో డౌన్‌టౌన్లు, అంటే ఆ నగరాల నడిబొడ్డు వ్యాపారపేటలు, మూడూ చూశాను. మూడు చోట్లా ఆకాశాన్నంటే మేడలే. అయినా డల్లాస్‌లో ఆదివారం గంటసేపు నడిస్తే ఎదురైనవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హ్యూస్టన్‌లోనూ అంతే. షికాగోలో మాత్రం చీకటి పడినా ఇంటికి వెళ్లాలనిపించలేదు. “అక్కడ సరస్సు ఉందమ్మా, అదే తేడా” అంటాడు మా అబ్బాయి. నిజంగా అంతేనా?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ అబ్బాయి మాట సగం నిజం. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉండడం షికాగో అదృష్టమే కానీ, నీరు ఉండడం వేరు, నడివీధిలోంచి ఆ నీటి దాకా నడిచి వెళ్లగలగడం వేరు. గోదావరి గట్టున ఉండేవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. రేవు లేకపోతే నది ఎంత పెద్దదైనా ఊరికి దూరపు చుట్టమే. షికాగోలో ఆ ఒడ్డు ఊరికి దక్కడం వెనక ఒక పాత రాత, ఒక మనిషి మొండితనం ఉన్నాయి. కాలువ తవ్వకానికి సొమ్ము కూడగట్టడం కోసం 1836లో స్థలాలు అమ్మినప్పుడు, సరస్సు పక్కనున్న భాగం ఎప్పటికీ కట్టడాలు లేని ఉమ్మడి జాగాగా ఉండాలని అధికారులు పటం మీద రాశారు. ఆ తర్వాతి తరం ఆ రాతను పక్కన పెట్టి అక్కడ ఏవేవో కట్టబోతే, పోస్టు ద్వారా సరుకులు అమ్మే వ్యాపారి ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ 1890లో కోర్టుకెక్కి, ఇరవయ్యేళ్లు వ్యాజ్యం నడిపి ఆ ఖాళీని కాపాడాడు. నేటి గ్రాంట్ పార్క్ అదే. దాని ఒక మూలన రైలు పట్టాల మీదా, కార్లు నిలిపే జాగా మీదా కప్పు వేసి, 2004లో మిలీనియం పార్క్ తెరిచారు. ముంబైలో పుట్టిన శిల్పి అనీశ్ కపూర్ చేసిన అద్దంలాంటి ఉక్కు గింజను మీరు చూసే ఉంటారు. దాని వంపు కింద నిలబడి తల పైకెత్తితే, పక్కనున్న పది మందితో కలిసి మన ముఖమూ సాగిపోయి కనిపిస్తుంది. ఆ పది మందిలో ప్రతివాడూ తన బొమ్మ ఏదో వెతుక్కుంటూ పక్కవాడితో మాట కలుపుతాడు. టికెట్టు లేదు, గేటు దగ్గర ఎందుకొచ్చావని అడిగేవారు లేరు.

అయితే అసలు సంగతి పార్కుకు ఇవతల, ఒక్క వీధి దూరంలో ఉంది. వాబాష్ అవెన్యూ మీద ఇనుప స్తంభాలపై రైలు పట్టాలు పోతాయి. డౌన్‌టౌన్ చుట్టూ తిరిగి వచ్చే ఆ పట్టాల చుట్టు 1897లో పూర్తయింది. ఆ చుట్టు లోపలి పేటనే లూప్ అంటారు. ఎండ పట్టాల సందుల్లోంచి చారలు చారలుగా రోడ్డు మీద పడుతుంది. రైలు పోతున్నంతసేపు పక్కమనిషి మాట వినపడదు. అందం అనే మాటకు మామూలుగా మనం చెప్పుకునే అర్థంలో ఆ వీధి అందమైనది కాదు. కానీ ఆ పట్టాల కింద కాఫీ కొట్లున్నాయి, నగల దుకాణాలున్నాయి, పైన కాలేజీ తరగతి గదులున్నాయి, చుట్టుపక్కల నాటకశాలలు, ఆర్ట్ మ్యూజియం, నివాసాలు ఉన్నాయి. పొద్దున్నే ఆఫీసుకు వచ్చేవారు, పదింటికి క్లాసుకు వచ్చేవారు, మధ్యాహ్నం బొమ్మలు చూడవచ్చేవారు, రాత్రి నాటకానికి వచ్చేవారు ఒకే కాలిబాటను వంతులవారీగా వాడుకుంటారు. అందుకే ఐదింటికి ఆఫీసులు వదిలిన తర్వాత కూడా ఆ వీధికి పని ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు కథ కూడా చెప్పాలి. ఆ పక్కదే స్టేట్ స్ట్రీట్, షికాగో పెద్ద దుకాణాల వీధి. శివార్ల మాల్స్‌కు పోతున్న జనాన్ని మళ్లీ రప్పించాలని 1979లో ఆ వీధిలో కార్లను ఆపేసి, కాలిబాటలను బాగా వెడల్పు చేసి, బస్సులకు మాత్రమే దారి వదిలారు. జనం పెరగలేదు సరికదా, అంత వెడల్పు బాట మీద ఉన్న కాస్త జనమూ పలచబడినట్టు కనిపించారు. 1996లో బాటలను మళ్లీ కుదించి కార్లను రానిచ్చారు. వాహనాలు ఆపితే చాలు వీధి కళకళలాడుతుందని నమ్మేవారికి నేను ఈ ఉదాహరణే చెబుతుంటాను.

ఇక టెక్సాస్ సంగతి. డల్లాస్ డౌన్‌టౌన్‌కు నాలుగు వైపులా ఫ్రీవేలే, అంటే కార్లు ఆగకుండా దూసుకుపోయే పెద్ద రహదారులే. ఇరుగుపొరుగు పేటల నుంచి నడిచి రావాలంటే వాటిని దాటాలి. అందరూ కార్లలోనే వస్తారు గనుక, కార్ల కోసం పాత భవనాలు పడగొట్టి పార్కింగ్ జాగాలు చేశారు. హ్యూస్టన్‌లోనూ దాదాపు ఇదే కథ, దానికి ఎండ తోడు. అందుకే అక్కడ వీధికి 20 అడుగుల లోతున, సుమారు 6 మైళ్ల పొడవున సొరంగ మార్గాలు అల్లుకుని ఉన్నాయి. మీరు మామూలు పనిదినాన మధ్యాహ్నం పన్నెండింటికి ఒకసారి ఆ మెట్లు దిగి ఉంటే అభిప్రాయం కొంత మారేది. చల్లటి గాలిలో వరుసగా తిండి దుకాణాలు, క్షౌరశాలలు, చెప్పులు బాగుచేసే కొట్లు, మెడలో గుర్తింపు కార్డులతో హడావిడిగా నడిచే జనం అక్కడ కనిపిస్తారు. హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో జనం లేరనడం సరికాదు, వారంతా నేల కింద ఉన్నారు. ఆ సొరంగాలు చాలావరకు శని, ఆదివారాలు మూసే ఉంటాయి. మీరు చూసినది అలా మూతపడిన రోజున, పైన మిగిలిన వీధిని. డల్లాస్‌లోనూ ఇలాంటి సొరంగాలు, మేడ నుంచి మేడకు గాలిలో వంతెనలు కట్టారు. మండుటెండలో కోటు వేసుకుని ఆఫీసుకు పోయేవాడికి అవి హాయే. కానీ వీధి మీద నడవవలసిన మనిషిని తీసుకుపోయి కిందా పైనా పెడితే, వీధి వైపు తలుపు తెరిచే దుకాణం ఎవరి కోసం తెరవాలి?

మేడ ఎత్తు కంటే మేడ పాదం, అంటే అది వీధిని తాకే చోటు, ముఖ్యమని నేననడానికి న్యూయార్క్ అనుభవం మరో కారణం. మేడ ముందు అందరికీ పనికొచ్చే ఖాళీ జాగా వదిలితే అదనపు అంతస్తులు కట్టుకోవచ్చని 1961లో అక్కడ నిబంధన తెచ్చారు. బాగా రద్దీ పేటల్లో చదరపు అడుగు ఖాళీకి 10 చదరపు అడుగుల దాకా అదనపు నిర్మాణం దక్కేది. బిల్డర్లు ఎగబడి వదిలారు, కానీ చాలా జాగాలు చలువరాతి ఎడారుల్లా మిగిలాయి. 1970లలో విలియం వైట్ అనే పరిశీలకుడు కెమెరాలు పెట్టి, ఏ ఖాళీలో జనం నిలుస్తున్నారు, ఎక్కడ నిలవడం లేదని నెలల తరబడి చిత్రీకరించాడు. నీడ, ఎండ, ఆకారం, విస్తీర్ణం అన్నీ లెక్కవేసి ఆయన తేల్చినది వింటే మన పల్లెల్లో ముసలివారు నవ్వుతారు: కూర్చోవడానికి చోటున్న దగ్గర జనం కూర్చుంటారు. ఆయన పరిశీలన వల్లే 1975లో నిబంధనలు మార్చి, ఇలాంటి ఖాళీల్లో ఇంత జాగాకు ఇన్ని అడుగుల కూర్చునే చోటు తప్పక ఉండాలన్నారు. ఆయన మెచ్చుకున్న గట్లు, మెట్లు మన వీధి అరుగులే. అరుగు ఇంటివాడిదే అయినా దారిన పోయేవాడు దాని మీద చతికిలబడితే ఎవరూ కాదనరు.

డల్లాస్‌కు అన్యాయం చేయకుండా ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ నాలుగు ఫ్రీవేలలో ఉత్తరాన ఉన్నదానికి పైకప్పు వేసి, దాని మీద 2012లో 5.2 ఎకరాల క్లైడ్ వారెన్ పార్క్ కట్టారు. కింద కార్లు దూసుకుపోతుంటే పైన గడ్డి మీద పిల్లలు పరుగెడుతుంటారు. ఎటు కావాలంటే అటు జరుపుకునే కుర్చీలు, వరుసగా నిలిపిన తిండి బండ్లు ఉంటాయి. ఈసారి వెళ్లినప్పుడు ఆదివారం మధ్యాహ్నం కాకుండా, ఏదైనా సాయంత్రం అక్కడికి తీసుకెళ్లమని మీ అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: మన హైదరాబాద్‌కు డౌన్‌టౌన్ ఏది? ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని అద్దాల మేడలు అమెరికా నగరాలకు ఏం తీసిపోయాయి?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఈ మాట పుట్టింది న్యూయార్క్‌లో. మన్‌హట్టన్ నిలువుగా ఉన్న దీవి. ఊరు దక్షిణపు కొసన మొదలై ఉత్తరానికి పెరిగింది. పటంలో కింద ఉన్న పాత వ్యాపారపేట డౌన్‌టౌన్ అయింది, పైనున్న కొత్త నివాసాలు అప్‌టౌన్ అయ్యాయి. ఆ అర్థంలో, అంటే ఊరంతా ఏదో ఒక పని మీద వచ్చి కలిసే పాత నడిబొడ్డు అనే అర్థంలో చూస్తే, హైదరాబాద్ డౌన్‌టౌన్ కోఠి, సుల్తాన్ బజార్, ఆబిడ్స్, మొజంజాహీ మార్కెట్ కలిసిన పేట. 1591 నాటి చార్మినార్ చుట్టూ ఉన్నది అంతకంటే పాత నడిబొడ్డు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత పడమటగా పెరిగినదానికి డౌన్‌టౌన్ రూపం వచ్చింది గానీ, ఆ స్వభావం ఇంకా రాలేదు.

ఎందుకంటారా? ఆదివారం ఉదయం ఆబిడ్స్‌కు వెళ్లి చూడండి. పెద్ద దుకాణాల షట్టర్లు దించే ఉంటాయి, ఆ విషయంలో డల్లాస్‌కూ దానికీ తేడా లేదు. కానీ మూసిన షట్టర్ల ముందరి కాలిబాట మీద పాత పుస్తకాల రాశులు లేస్తాయి. ఇంజనీరింగ్ గైడ్ల పక్కన పాత వారపత్రికలు, వాటి పక్కన ఉర్దూ కవిత్వం, వాటి మీదికి వంగిన వీపులు. ఒకరి సెలవు మరొకరికి పనిదినమైంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఇది జరగడానికి చోటే లేదు. మేడ చుట్టూ ఖాళీ, ఖాళీ చుట్టూ ప్రహరీ, ప్రహరీకి గేటు, గేటు దగ్గర తనిఖీ. క్యాంటీన్ లోపలే, టీ లోపలే. బయట కాలిబాటకు మిగిలినది గోడ. గోడ పక్కన నడవడానికి మనిషికి తొందర తప్ప మరే కారణమూ ఉండదు. ఈ ప్రహరీ లోపల ఒక వరుస దుకాణాలకు రోడ్డు వైపు తలుపు పెట్టించగలిగితే, పదేళ్లలో ఆ పేట ముఖమే మారుతుందని నా నమ్మకం.

అలాగని కోఠిని నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు. అక్కడ చంకలో బిడ్డతో రోడ్డు దాటే తల్లి పడే అవస్థ చూస్తే, డల్లాస్ కాలిబాటల్లో సగం తెచ్చి అక్కడ పరవాలనిపిస్తుంది.

ప్రశ్న: కోవిడ్ తర్వాత ఇంటి నుంచే పని అలవాటైంది. డౌన్‌టౌన్ల పని అయిపోయినట్టేనా? ఖాళీ ఆఫీసులను ఇళ్లుగా మార్చేస్తే సరిపోదా?
(ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ఆఫీసుల మీద మాత్రమే బతికినవి దెబ్బతిన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో అందుకు పెద్ద ఉదాహరణ. మీకు దగ్గరలోని దిగువ మన్‌హట్టన్ తట్టుకోవడానికి మాత్రం పాతికేళ్ల ముందే పునాది పడింది. అక్కడి పాత ఆఫీసులను నివాసాలుగా మార్చుకునేవారికి 1995లోనే పన్ను రాయితీలిచ్చారు. వాల్ స్ట్రీట్ పక్క సందుల్లో ఇప్పుడు పిల్లల తోపుడు బండ్లు కనిపిస్తున్నాయంటే ఆ చలవే. కెనడాలోని కాల్గరీ నగరం 2021లో ఇంకో అడుగు ముందుకు వేసి, ఇలా మార్చిన ప్రతి చదరపు అడుగుకు 75 డాలర్ల చొప్పున తానే సాయం ప్రకటించింది.

కానీ ప్రతి మేడా ఇల్లు కాలేదు. ఏసీ, ట్యూబులైటు రాక ముందు కట్టిన ఆఫీసుల్లో ప్రతి బల్లకూ కిటికీ వెలుతురు అందాలి గనుక, అంతస్తులు సన్నగా, మధ్యలో మన మండువా లోగిలిలాగా వెలుతురు బావితో కట్టేవారు. వాటిని ఇళ్లుగా విభజించడం తేలిక. 1970, 80లలో కట్టిన విశాలమైన అంతస్తుల్లో మాత్రం కిటికీకీ నడుమనున్న లిఫ్టుకూ మధ్య దూరం చాలా ఎక్కువ. అక్కడ పడకగది వేస్తే అది కొట్టుగది అవుతుంది. పైగా ఆఫీసు మేడలో స్నానపు గదులు అంతస్తుకు ఒకేచోట ఉంటాయి. ఇంటింటికీ నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు లాగాలంటే గచ్చులన్నిటికీ కన్నాలు వేయాలి. కొన్ని మేడలకు ఆ ఖర్చు కంటే పడగొట్టి కట్టుకోవడమే నయం.

ప్రశ్న: న్యూయార్క్‌లో మాకు ఒక్కరోజే ఉంది. పైసా ఖర్చు లేకుండా డౌన్‌టౌన్ చూడాలంటే ఎలా?
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: పనిదినాన వెళ్లండి. పదకొండింటికి బ్రాడ్వే మీద ట్రినిటీ చర్చి దగ్గర మొదలుపెట్టి, ఎదురుగా ఉన్న వాల్ స్ట్రీట్‌లోకి దిగి, మధ్యాహ్నం ఆఫీసుల వాళ్లు తిండి పొట్లాలతో బయటికి వచ్చేవేళకు ఎక్కడైనా ఒక గట్టు మీద చోటు చూసుకుని కూర్చోండి. ఓపిక ఉంటే 1883 నాటి బ్రూక్లిన్ వంతెన సగం దాకా నడిచి వెనక్కి రండి. సాయంత్రం దక్షిణపు కొసకు వచ్చి స్టాటెన్ ఐలండ్ పడవ ఎక్కండి. 1997 నుంచి దానికి టికెట్టు లేదు. ప్రయాణం 25 నిమిషాలు. పోయేటప్పుడు కుడివైపు నిలబడితే స్వేచ్ఛా విగ్రహం కనిపిస్తుంది. చీకటి పడ్డాక తిరిగి వచ్చేటప్పుడు ముందు వైపుకు రండి. ఆ వేళకు ఇంటికి పోయే ఉద్యోగులు ఎక్కువగా ఎదురు పడవలో ఉంటారు గనుక, రెయిలింగ్ దగ్గర చోటు సులువుగానే దొరుకుతుంది.