ఏజెంటుకు కనిపించేది వివరణ ఒక్కటే

ప్రశ్న: మా టాస్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కు ఈ మధ్యే ఒక ఏఐ ఏజెంటును జోడించి, పద్దెనిమిది టూల్స్ (అది పిలిచి వాడుకోగల ఫంక్షన్లు) ఇచ్చాము. "ఈ పని ఇక అక్కర్లేదు, తీసేయ్" అని వాడుకరి అంటే అది ఒకసారి ఆర్కైవ్ చేస్తోంది, మరోసారి డిలీట్ చేస్తోంది. ఆర్కైవ్ టూల్‌కు "పనిని జాబితా నుంచి తీసివేస్తుంది" అని, డిలీట్ టూల్‌కు "పనిని తీసివేస్తుంది" అని వివరణ రాశాము. ఏజెంటును నడిపే భాషా మోడల్‌ను మార్చి, ఇంతకంటే పెద్ద మోడల్‌కు మారక తప్పదా?

జవాబు: మోడల్ సంగతి తరువాత చూద్దాం. మీరు రాసిన ఆ రెండు వాక్యాలనూ మీ సాఫ్ట్‌వేర్‌ను ఎన్నడూ చూడని మనిషికి ఇచ్చి, ఏ సందర్భంలో ఏది వాడాలో చెప్పమనండి, అతడూ తడబడతాడు. మోడల్‌కు మీ కోడ్ గానీ, డేటాబేస్ గానీ, డిలీట్‌కు మీరు పెట్టిన ఎర్ర బటన్ గానీ కనిపించవు. టూల్ పేరు, వివరణ, పారామీటర్ల స్కీమా (టూల్‌కు ఏ విలువలను ఏ రూపంలో పంపాలో చెప్పే నమూనా) చూసే అది నిర్ణయం తీసుకుంటుంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో (ఏఐ మోడళ్లకు టూల్స్‌ను జోడించే ప్రమాణంలో) కూడా టూల్‌ను పరిచయం చేసేవి ప్రధానంగా ఈ మూడే.

డిలీట్ వివరణను ఇలా మార్చి చూడండి: "పనిని, దాని ఉపపనులు, వ్యాఖ్యలతో సహా శాశ్వతంగా తొలగిస్తుంది, తిరిగి తీసుకురావడం సాధ్యం కాదు. శాశ్వతంగా తొలగించాలని వాడుకరి స్పష్టంగా కోరినప్పుడే వాడాలి. జాబితాలో కనిపించకుండా చేస్తే చాలు అన్నప్పుడు ఆర్కైవ్ టూల్‌ను, పని ముగిసిందన్నప్పుడు కంప్లీట్ టూల్‌ను వాడాలి." టూల్ ఏం చేస్తుందో అందరూ రాస్తారు. ఎప్పుడు వాడకూడదో, అప్పుడు దాని బదులు ఏది వాడాలో రాయడం మాత్రం చాలామంది మరచిపోతారు. మీ ఇబ్బంది అక్కడే మొదలైంది. అయితే వివరణ ఎంత బాగున్నా అది కాపలా కాదు కనుక, డిలీట్‌కు ముందు వాడుకరి అనుమతి అడిగే ఏర్పాటు కోడ్‌లోనే ఉండాలి.

మీరు అడగకపోయినా పారామీటర్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఎవరి కంటా పడకుండా నష్టం జరిగేది అక్కడే. అప్‌డేట్ టూల్‌లో "లేబుళ్లు: పనికి చెందిన లేబుళ్ల జాబితా" అని మాత్రమే ఉందనుకుందాం. "అత్యవసరం అనే లేబుల్ తగిలించు" అంటే ఏజెంటు ఆ ఒక్క లేబుల్‌నే పంపుతుంది. మీ కోడ్ పాత జాబితాను చెరిపి కొత్తది రాసే తీరులో ఉంటే, అంతకుముందున్న నాలుగు లేబుళ్లూ మాయమవుతాయి, ఎర్రర్ మాత్రం రాదు. అందుచేత "ఇచ్చిన జాబితా పాతదాని స్థానంలోకి వస్తుంది, పాతవి నిలవాలంటే వాటినీ కలిపి పంపాలి" అని రాయాలి, లేదా లేబుల్ చేర్చడానికి వేరే టూల్ ఇవ్వాలి. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. గడువు తేదీ విషయంలోనూ ఇలాగే, ఆ ఫీల్డును పంపకపోతే పాత తేదీ నిలుస్తుందా, ఖాళీగా పంపితే చెరిగిపోతుందా అన్నది విడమరచి చెప్పాలి. తేదీ రూపం ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 2025-07-04 లా ఉండాలని నిర్దేశించకపోతే, 04/07 అన్నది ఏప్రిల్ 7 అవుతుందో జూలై 4 అవుతుందో చెప్పలేము. పని ఎవరికి అప్పగించాలో తెలిపే చోట పేరు కాకుండా ఐడీ కావాలని, అది తెలియకపోతే ఊహించకుండా ముందు సభ్యులను వెతికే టూల్‌ను పిలవాలని రాయండి.

ప్రశ్న: అలాగైతే ప్రతి వివరణా పేజీడు అవుతుంది కదా, ఫరవాలేదా?

జవాబు: ఫరవాలేదని అనలేను. సాధారణంగా టూల్ వివరణలన్నీ ప్రతి అభ్యర్థనతోపాటే మోడల్‌కు వెళ్తాయి కాబట్టి కాంటెక్స్ట్‌లో (మోడల్ ఒకసారికి చదవగల పాఠంలో) చోటూ పోతుంది, టోకెన్ల (మోడల్ లెక్కించే పాఠపు ముక్కల) ఖర్చూ పెరుగుతుంది. ఏ ఏపీఐ వెర్షన్‌లో ఏం మారిందో, లోపల ఏ సర్వీసు నడుస్తోందో మోడల్‌కు అనవసరం, వాటిని తీసేయండి. స్థితికి "చేయవలసినది, జరుగుతున్నది, పూర్తయినది" అనే మూడు విలువలే ఉంటే, పేరా రాసే బదులు స్కీమాలో ఈనమ్‌గా (అనుమతించిన విలువల జాబితాగా) పెట్టండి. ఆ తరువాత వాడుకరులు నిజంగా టైప్ చేసిన ఇరవై ముప్పై వాక్యాలు తీసుకుని, ఒక్కోదానికి ఏ టూల్ పిలవాలో ముందే రాసిపెట్టుకుని, వివరణ మార్చిన ప్రతిసారీ అన్నింటినీ మళ్లీ నడిపి చూడండి. "తీసేయ్" అన్న వాక్యాలను అందులో కాస్త ఎక్కువగానే ఉంచండి.