మూత్రం పట్టీ 5.5 చూపిస్తే శరీరమంతా ఆమ్లమైపోయినట్టేనా?

మీరు అడిగినదాని సారాంశం ఇది. విజయవాడలో ఉంటున్న మీ నాన్నగారికి అరవై దాటాయి. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఉదయపు నడకలో పరిచయమైనవారు చెప్పగా పీహెచ్ పట్టీతో మూత్రం పరీక్షించుకుంటే 5.5 వచ్చింది. (పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం.) అప్పటినుంచి ఒంట్లో ఆమ్లం పేరుకుపోయిందన్న దిగులుతో అన్నం, పప్పు, గుడ్డు మానేసి, పరగడుపున చెంచాడు వంటసోడా కలిపిన నీళ్ళు తాగుతున్నారు. క్షారజలం ఇచ్చే యంత్రం కొనాలని కూడా పట్టుబడుతున్నారు. ముందు సూటిగా చెబుతాను: వంటసోడా ఈరోజే ఆపించండి, యంత్రం కొనకండి, పట్టీ చూపిన అంకెకు భయపడనక్కరలేదు. అయితే ఆయనకున్న జబ్బులను బట్టి రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితనం చెప్పేది), పొటాషియం, బైకార్బొనేట్ (ఆమ్లాన్ని తటస్థం చేసే క్షారం) చూపించుకోవడం మాత్రం వాయిదా వేయకూడని పని.

నేను వైద్యుణ్ణి కాను. గుంటూరులో ఒక ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసి విరమించాను. ఐసీయూ నుంచి వచ్చే ఏబీజీ (ధమని రక్తంలో వాయువులు, పీహెచ్ కొలిచే పరీక్ష) నమూనాలు చూడడం నా పనిలో పెద్ద భాగంగా ఉండేది. మణికట్టు దగ్గర ధమనిలోంచి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ మందు పట్టించిన సిరంజిలోకి రక్తం తీసి, గాలిబుడగ మిగలకుండా మూత బిగించి పరుగున తెస్తారు. గాలి తగిలినా, ఆలస్యమైనా అంకెలు మారిపోతాయి. రక్తం పీహెచ్ ఎంతో నిజంగా తెలుసుకొనే పద్ధతి అది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అది 7.35, 7.45 మధ్యనే ఉంటుంది. ఈ కొలమానం లాగరిథమ్ మీద నడుస్తుంది కాబట్టి 7.4 నుంచి 7.1కి దిగిందంటే హైడ్రోజన్ అయాన్లు రెట్టింపయ్యాయని అర్థం. అలాంటి నమూనా వస్తే రిపోర్టు టైపు చేసేదాకా ఆగేవాళ్ళం కాము, ముందు వార్డుకు ఫోన్ చేసేవాళ్ళం. ఒళ్ళంతా ఇన్ఫెక్షన్ పాకినవారు, కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నవారు, షుగర్ అదుపు తప్పి, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు పేరుకున్నవారు, ఊపిరి అందక వెంటిలేటర్ మీదకు వెళ్ళబోతున్నవారు - ఆ అంకెలు వీరివి. తిన్న తిండి వల్ల రక్తం ఆమ్లమైపోయి, అయినా తన కాళ్ళ మీద తాను నడిచి ల్యాబుకు వచ్చిన మనిషి నాకు ఒక్కరూ తారసపడలేదు.

తిండి నుంచి ఆమ్లం పుట్టదని నేను అనడం లేదు. మనం తిన్నదాన్ని శరీరం మండించుకొనేటప్పుడు రోజుకు దాదాపు 15,000 మిల్లీమోళ్ళ కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది; నీటిలో కలిస్తే ఆమ్లమయ్యే ఈ వాయువును ఊపిరితిత్తులు ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తాయి. ఇది కాక మాంసకృత్తుల్లోని గంధకం నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం, మరికొన్ని ఆమ్లాలు కలిసి, శరీర బరువు కిలోకు రోజుకు సుమారు 1 మిల్లీఈక్వివలెంట్ (ఆమ్ల, క్షారాలను లెక్కించే ప్రమాణం) చొప్పున మిగులుతాయి. ఊపిరితో పోని ఈ భాగాన్ని రక్తంలోని బైకార్బొనేట్ అప్పటికప్పుడు తటస్థం చేస్తుంది. ఖర్చయిన బైకార్బొనేట్‌ను మూత్రపిండాలు తిరిగి తయారుచేసి రక్తంలోకి పంపి, ఆమ్లాన్ని అమ్మోనియం రూపంలోనూ, ఫాస్ఫేట్‌కు జతచేసీ మూత్రంలోకి తోసేస్తాయి. బెజవాడవారికి ప్రకాశం బ్యారేజీ సంగతి చెప్పనక్కరలేదు. ఎగువ నుంచి వరద వచ్చినప్పుడు గేట్లెత్తి కిందికి వదులుతారు కాబట్టే రిజర్వాయరులో నీటిమట్టం 12 అడుగుల దగ్గర నిలుస్తుంది. దిగువన పారుతున్న నీటిని చూసి రిజర్వాయరు పొంగిపోతోందని అనుకోవడం ఎలాంటిదో, మూత్రం పట్టీ చూసి రక్తం ఆమ్లమైందనుకోవడం అలాంటిది. మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. పైగా రాత్రంతా ఏమీ తినకుండా ఉన్నాక వచ్చే తొలి మూత్రం చాలామందిలో ఆమ్లంగానే ఉంటుంది. మీ నాన్నగారు భోజనం చేసిన రెండు గంటల తర్వాత అదే పట్టీతో చూసుకొని ఉంటే అంకె బహుశా పైకి వచ్చి ఉండేది.

తిండిని బట్టి మూత్రం మారుతుందన్న మాట మాత్రం పచ్చి నిజం, పాతది కూడా. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త దగ్గరికి సంత నుంచి తెచ్చిన కుందేళ్ళ మూత్రం తేటగా, ఆమ్లంగా ఉంది. గడ్డి తినే జంతువుకు అది మబ్బుగా, క్షారంగా ఉండాలి. వాటికి చాలాసేపటినుంచి మేత లేదని, తమ కండనే కరిగించుకొని బతుకుతున్నాయని ఆయన ఊహించారు. గడ్డి వేస్తే మూత్రం క్షారమైంది, పస్తుపెట్టినా, మాంసం తినిపించినా ఆమ్లమైంది. ఈ తేడానే ఇప్పుడు లెక్కగట్టి చెబుతున్నారు. 1995లో రీమర్, మాంజ్ అనే జర్మన్ పరిశోధకులు ఒక్కో ఆహారం 100 గ్రాములకు మూత్రపిండాల మీద ఎంత ఆమ్ల భారం పడుతుందో అంచనా వేశారు. వారి పట్టికలో, మిల్లీఈక్వివలెంట్లలో, గుడ్డు పచ్చసొన 23.4, పాలు 0.7, పాలకూర మైనస్ 14, ఎండుద్రాక్ష మైనస్ 21, అరటిపండు మైనస్ 5.5. మైనస్ అంటే క్షారం వైపు. నాలుకకు పుల్లగా తగిలే నిమ్మరసం కూడా మైనస్‌లోనే ఉంది, ఎందుకంటే అందులోని సిట్రిక్ ఆమ్లాన్ని శరీరం పూర్తిగా మండించేసుకోగా పొటాషియం వంటి లవణాల క్షారం మిగులుతుంది. కాబట్టి పులుపును బట్టి ఆహారాన్ని ఆమ్లమనో క్షారమనో విడదీయడం కుదరదు. కందిపప్పు, అన్నం కొద్దిగా ఆమ్లం వైపే మొగ్గుతాయి. కానీ అదే పళ్ళెంలో తోటకూర వేపుడో, దోసకాయ పచ్చడో, సొరకాయ పులుసో ఉంటే మొత్తం లెక్క దాదాపు సరిపోతుంది. మన ఇళ్ళలో కూర లేని భోజనం ఎలాగూ ఉండదు. ముప్పూటలా ఇడ్లీ, అట్టు, బిర్యానీతో గడిపేసేవారి సంగతి వేరు. వారికి కూరగాయలు పెంచమని చెప్పడానికి ఈ పట్టిక కూడా అవసరం లేదు.

మీ నాన్నగారి దిగులులో ఇంకొక గందరగోళం కూడా కలిసి ఉండవచ్చు. పులితేన్పులు, గుండెల్లో మంట రాగానే మనం ఎసిడిటీ అంటాం. కడుపులో ఆమ్లం ఉండాల్సిందే, అక్కడ పీహెచ్ 1.5 నుంచి 3.5 దాకా ఉంటుంది. అది అన్నవాహికలోకి ఎగదన్నినప్పుడు మంట పుడుతుంది. గుంటూరు కారం, రాత్రి పొద్దుపోయాక భోజనం, తిన్న వెంటనే పడక ఆ మంటను పెంచవచ్చు. కొందరిలో హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియా పొట్టలో పుండుకు కారణమవుతుంది. వీటిలో దేనికీ రక్తం పీహెచ్‌తో సంబంధం లేదు.

ఈ విషయం నేను నా ఒంటిమీద కూడా చూశాను కాబట్టి చెబుతున్నాను. ల్యాబులో ఉండగానే నాకు మూత్రపిండంలో రాయి వచ్చింది, అది యూరిక్ ఆమ్లపు రాయి. మూత్రం పీహెచ్ 5.5 కంటే దిగువన ఎక్కువకాలం ఉంటే యూరిక్ ఆమ్లం కరగకుండా గడ్డకడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో నీళ్ళు సరిగా తాగకపోతే మరీను. డాక్టరుగారు మూత్రాన్ని క్షారం వైపు తిప్పే పొటాషియం సిట్రేట్ సిరప్ రాసి, మూత్రం పీహెచ్ 6, 6.5 మధ్య ఉండేలా పట్టీతో చూసుకోమన్నారు. అంటే మీ నాన్నగారి చేతిలో ఉన్న పట్టీయే, కానీ దాన్ని అడిగే ప్రశ్న వేరు. విందుకు వెళ్ళి వేటమాంసం తిన్న మర్నాడు అంకె కిందికి జారేది, కూరలు, పండ్లు బాగా తిన్నరోజు ఎక్కేది. అన్నిరోజులూ రక్తంలో బైకార్బొనేట్ మాత్రం మామూలుగానే ఉండేది. సిరప్ ఎక్కువైనా మంచిది కాదని, మూత్రం 7 దాటి అక్కడే ఉండిపోతే కాల్షియం ఫాస్ఫేట్ రాళ్ళు ఏర్పడతాయని ఆయన హెచ్చరించారు. క్షారం ఎంత పెరిగితే అంత మేలనే నమ్మకం ఇక్కడే బెడిసికొడుతుంది. కాల్షియం ఆక్సలేట్ రాయి ఉన్నవారికి మళ్ళీ లెక్క వేరు: పాలకూర, గోంగూర క్షారం వైపువే అయినా వాటిలోని ఆక్సలేట్ వల్ల వారు తగ్గించుకోవలసి వస్తుంది. షుగర్ ఉన్నవారిలో మూత్రం పీహెచ్ సహజంగానే కొంత తక్కువగా ఉండి, యూరిక్ ఆమ్లపు రాళ్ళు ఎక్కువగా రావడం తెలిసినదే కాబట్టి మీ నాన్నగారికి వచ్చిన 5.5కు ఏదైనా అర్థం ఉంటే అది ఇదే: నీళ్ళు బాగా తాగాలి, గతంలో రాయి వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

ఆహారపు ఆమ్లభారం నిజంగా లెక్కలోకి వచ్చేది మూత్రపిండాలు నీరసించినవారిలో. గేట్లు సగమే తెరుచుకుంటున్నప్పుడు మామూలు ప్రవాహం కూడా ఎక్కువే అవుతుంది. రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు 22 మిల్లీమోళ్ళ కంటే తగ్గి కండ, ఎముక నెమ్మదిగా అరుగుతాయి, కిడ్నీ పనితనం ఇంకా త్వరగా పడిపోతుంది. అటువంటివారికి డాక్టర్లు సోడియం బైకార్బొనేట్ (వంటసోడాలో ఉన్న పదార్థమే) మాత్రలే, రక్తపరీక్ష చూసి ఇస్తారు. పండ్లు, కూరగాయలు పెంచినా ఇంచుమించు అదే ఫలితం వస్తుందని 2013లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. అయితే అందులోకి పొటాషియం పెరిగే ప్రమాదం తక్కువగా ఉన్నవారినే ఏరి తీసుకున్నారు. ఈ షరతును వదిలేసి సలహా ఒక్కటే చేతులు మారుతూ వస్తోంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారు కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు, ఆకుకూరల రసాలు తెగ తాగితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. అందుకే వారికి కూరగాయలు ఉడికించి ఆ నీరు వార్చేసి వండమని చెబుతారు. మీ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో ఎంతమంది కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నారో పత్రికల్లో చూసే ఉంటారు. చాలాదూరం వెళ్ళేదాకా ఆ జబ్బు నొప్పి పెట్టదు, కనబడదు. షుగర్, బీపీ కలిసి ఉన్న మనిషి క్రియాటినిన్ ఎంతో తెలియకుండా క్షార ఆహారమని ఏదీ మొదలుపెట్టకూడదని నేను అంటున్నది ఇందుకే.

వంటసోడా విషయానికి వస్తే, చెంచాడు సోడాలో సుమారు 1,260 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజంతటికీ కలిపి చెప్పిన హద్దు 2,000 మిల్లీగ్రాములు. ఆవకాయ ముక్క వద్దని బీపీ డాక్టరు చెబితే, దానికి బదులు పరగడుపునే అంత సోడియం తాగడం వింతగా లేదూ? ఇక యంత్రం. పీహెచ్ 9 ఉన్న నీటిలో ఆ అంకెకు కారణమైన హైడ్రాక్సైడ్ లీటరుకు 0.01 మిల్లీమోలు మాత్రమే. అరవై కిలోల మనిషి రోజూ వదిలించుకోవలసిన ఆమ్లం 60 మిల్లీమోళ్ళ దాకా ఉంటుంది. ఆ నీరు కడుపులో దిగిన క్షణంలోనే దాని క్షారం మాయమవుతుంది. మాట వరసకు చెబుతున్నాను, పలనాటి సున్నపురాయి నేలల్లోని బోరునీటిలో కరిగిన బైకార్బొనేట్ల క్షారం దానికి వందల రెట్లు ఉంటుంది; దాన్ని తాగమని ఎవరూ లక్ష రూపాయలు అడగరు.

ఒంట్లో క్షారం పెంచితే క్యాన్సర్ రాదనే మాట మీ నాన్నగారి ఫోనుకూ వచ్చే ఉంటుంది. క్యాన్సర్ గడ్డ చుట్టూ ఆమ్లం ఉండడం నిజమే, దాన్ని ఆ కణాలే తయారుచేసుకుంటాయి. తిండితో దాన్ని మార్చలేం. అమెరికాలో ఈ ప్రచారానికి పేరుపడ్డ రాబర్ట్ యంగ్ లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు 2016లో దోషిగా తేలాడు. అతని మాట నమ్మి క్యాన్సర్ చికిత్స మానుకున్న ఒక మహిళకు 10.5 కోట్ల డాలర్లు చెల్లించాలని 2018లో శాన్ డియాగో జ్యూరీ తీర్పు చెప్పింది.

చివరగా, ఆయన అన్నం మానేశారన్న సంగతి నన్ను పట్టీకంటే ఎక్కువ కలవరపెడుతోంది. ఆయన వాడే షుగర్ మాత్రల చీటీ తీసి చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి పేర్లున్న మాత్ర వాడుతూ పిండిపదార్థాలు బాగా తగ్గించేస్తే, షుగర్ మామూలుగా కనిపిస్తుండగానే కీటోన్లు పేరుకొని రక్తం నిజంగా ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. డాక్టరును అడిగేదాకా ఆయన మామూలు భోజనానికి తిరిగి రావడం మంచిది. మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఈలోగా వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, మగత వంటివి కనిపిస్తే గ్లూకోమీటర్ అంకె చూసి ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళి, మాత్ర పేరు చెప్పి, కీటోన్లు, ఏబీజీ చూడమని అడగండి.